గుంట తవ్వని గుంటపురుగులు

గుంటపురుగుల్లో ఎక్కువ జాతులు అసలు గుంటే తవ్వవట!

ఈ సంగతి చదివిన దగ్గర్నుంచి కనబడిన ప్రతివారికీ ఇదే చెబుతున్నాను. గుడి మండపం మూలల్లో, వసారా చూరు కింద, వాన తగలని మెత్తటి దుమ్ములో ఉండే ఆ గరాటు గుంటలు మనకు కొత్త కాదు. చీమను తెచ్చి అంచున వదలడం, అది కాలు జారి కిందికి దొర్లడం, అడుగునుంచి ఇసుక ఎగజిమ్ముకు రావడం, రెండు కోరలు పైకి లేచి చీమను లోపలికి లాక్కుపోవడం... పల్లెల్లో పెరిగిన పిల్లలకు ఇంతకు మించిన వేడుక ఏముంది? ఇంగ్లీషువాళ్ళు యాంట్‌లయన్ అనేది దీన్నే. ఆ గుంటే దాని ఇల్లు, అదే దాని గుర్తు అనుకుంటాం. ఊరంతా ఉన్నది ఒకే రకం పురుగు అని కూడా అనుకుంటాం. ఇప్పుడు చూస్తే ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో దాదాపు 2,000 జాతులున్నాయి. వాటిలో గరాటు గుంట కట్టేవి కొద్ది భాగమే. కొన్ని ఇసుక పైపొర కింద ఒళ్ళు దాచుకుని, కోరలు మాత్రం తెరిచి పెట్టుకుని, పైన ఎవరైనా నడుస్తారేమోనని కాచుకుంటాయి. కొన్ని చెట్టు తొర్రల్లో పొడిపొడిగా రాలిన చెక్క పొట్టులో ఉంటాయి. కొన్ని రాతి ముఖం మీదే ధూళీ పాచీ ఒంటికి అద్దుకుని కదలకుండా అంటుకుని ఉంటాయి. మనం చిన్నప్పటినుంచీ చూసింది ఒక పెద్ద వంశంలో ఒకే ఒక శాఖ పనితనం!

అలాగని ఆ గుంటను తక్కువ చేయలేను. ఆ పనితనం గురించి తెలిసేకొద్దీ గౌరవం పెరుగుతోంది. పురుగు వెనక్కి నడుస్తూ, ముందు ఒక వలయం గీసి, అక్కడినుంచి సుడులు సుడులుగా లోపలికి దిగుతుంది. తలనే పారగా వాడి ఇసుకను బయటికి విసురుతుంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ సుడి తవ్వకంలోనే పెద్ద రేణువులూ చిన్న రేణువులూ వాటంతటవే విడిపోతాయి. పెద్దవి బయటికి పోతాయి, సన్నటి ఇసుక గోడలకు పరుచుకుంటుంది. గోడ వాలు కూడా ఇసుక జారిపోవడానికి సిద్ధంగా ఉండే అంచు కోణంలోనే నిలబడుతుంది. చీమ కాలు మోపితే చాలు, నేల కదులుతుంది. కిందున్న పురుగు ఆ కదలికను ఒంటి మీది వెంట్రుకలతో పసిగడుతుంది.

అయితే గుంటను బట్టి కుటుంబాన్ని పోల్చలేమని చెప్పే సాక్ష్యం ఇంకొకటుంది. మధ్యధరా తీర దేశాల్లో అచ్చం ఇలాంటి గరాటు గుంటలే కట్టి, అందులోనే చీమలను పట్టే మరో పురుగు ఉంది. దాన్ని వర్మ్‌లయన్ అంటారు. అది ఈగ పిల్ల! నిజమైన ఈగల వంశానికి చెందిన వర్మిలియానిడే కుటుంబం. కాళ్ళు లేని సన్నటి పురుగు. గుంటపురుగుకూ దానికీ చుట్టరికం చాలా చాలా దూరం. ఎవరి దారిన వాళ్ళు నడిచి ఒకే ఉచ్చు కనిపెట్టారు. ఇది తెలిశాక, గుంట కనబడితే ‘ఇదిగో ఫలానాది’ అనడం మానేశాను. లోపలున్నది ఎవరో బయటికి తీసి చూడాలి.

మరి ఏం చూడాలి? నా కళ్ళు తెరిపించింది ఈ ప్రశ్నే.

ముందు పెద్దపురుగు సంగతి. గుంటలో ఉన్నది పిల్ల, అంటే లార్వా మాత్రమే. అది పెరిగి రెక్కల పురుగవుతుంది. రాత్రిపూట ట్యూబులైటు దగ్గరికి మెల్లగా, తడబడుతూ ఎగిరొచ్చి గోడ మీద వాలే సన్నటి పొడుగాటి పురుగును చూసి చాలామంది తూనీగ అనుకుంటారు. మీసాలు చూడండి! తూనీగకు మీసాలు ఉన్నాయా లేవా అన్నంత సన్నగా, పొట్టిగా ఉంటాయి. దీనికి మీసాలు స్పష్టంగా, లావుగా, కొసలో ఉబ్బి ఉంటాయి. వాలినప్పుడు రెక్కలను పెంకుటింటి కప్పులా ఒంటికి రెండు పక్కలా వాల్చుకుంటుంది. ఈ రెండూ చూస్తే చాలు, తూనీగ కాదని తేలిపోతుంది. ఇన్నేళ్ళుగా మన గోడల మీద వాలుతున్నది గుంటపురుగు తల్లో తండ్రో అన్నమాట. ఈ మాట చెప్పినప్పుడు ఎదుటివాళ్ళ మొహాలు వెలిగిపోవడం చూడాలి.

ఇక అసలు ఆనందం రెక్కలో ఉంది. రెక్కను వెలుతురుకు ఎదురుగా పెట్టి భూతద్దంతో చూస్తే ఈనెలు, అడ్డ ఈనెలు, వాటి మధ్య వందలాది గడులు. ఈ జాలరెక్కల పురుగుల క్రమాన్ని న్యూరాప్టెరా అంటారు. అందులో మనది మిర్మిలియాంటిడే కుటుంబం. రెక్క ముందు అంచున, కొసకు దగ్గరగా ఒక చిన్న మచ్చ ఉంటుంది. దాని కిందుగా, రెండు పెద్ద ఈనెలు కలిసిపోయిన చోటు దాటగానే, ఒక గడి మాత్రం మిగతావాటికన్నా ఎంతో పొడుగ్గా, సన్నగా సాగి ఉంటుంది. అంత చిన్న రెక్కలో, అంత గజిబిజి అల్లికలో, ఆ ఒక్క పొడుగు గడి! శాస్త్రవేత్తలు తరతరాలుగా గుంటపురుగును పోల్చుకున్నది దాన్ని చూసే. ఒకసారి కంట పడిందంటే మళ్ళీ ఏ రెక్క చూసినా కన్ను ముందు అక్కడికే పోతుంది. నాకిప్పుడు అదే పని.

అక్కడితో ఆగదు. ముందు రెక్కలో ఒక ప్రధాన ఈనె చీలే చోటుకన్నా ముందు ఎన్ని అడ్డ ఈనెలున్నాయో లెక్కపెడతారు. వెనక రెక్కలోనూ లెక్కపెడతారు. ఆ లెక్కలను బట్టి ఏ తెగో, ఏ ప్రజాతో తేలుతుంది. కొన్నిటి రెక్కల కొస వైపు ఈనెలన్నీ ఒకే చోట వంగి, ఆ వంపులన్నీ కలిసి ఒక గీతలా కనబడతాయి. హార్వర్డ్ మ్యూజియంలో ఏళ్ళ తరబడి జాలరెక్కల పురుగులను పరిశీలించిన నాథన్ బ్యాంక్స్ పేరు మీద దాన్ని బ్యాంక్స్ గీత అంటారు. ఒక మనిషి పేరు పురుగు రెక్క మీద గీతగా మిగలడం ఎంత గొప్ప గౌరవం! ఇక కాలి పిక్క చివర ఉండే ముళ్ళ పొడుగెంతో, అవి పాదంలో ఎన్ని కణుపుల దాకా వస్తున్నాయో చూస్తారు. చాలా జాతుల మగవాటికి వెనక రెక్క మొదట్లో చిన్న బొడిపె ఉంటుంది. వాసన వెదజల్లి ఆడదాన్ని పిలవడానికి అది పనికొస్తుంది. కొన్ని జాతుల్లో అది ఉండదు. అదీ ఒక గుర్తే.

కొన్నిటికి ఇంత శ్రమ అక్కర్లేదు. మన దేశంలో పాల్పారెస్ పార్డస్ అని ఒకటుంది. 1842లో ఫ్రెంచి శాస్త్రవేత్త రాంబుర్ పేరు పెట్టాడు. వెడల్పాటి రెక్కల నిండా ముదురు గోధుమ రంగు మచ్చలతో, చిరుతను తలపించే అందం దానిది. మామూలు గుంటపురుగు పెద్దపురుగు పక్కన పెడితే ఇవి రెండూ ఒకే కుటుంబమని నమ్మబుద్ధి కాదు. ఆఫ్రికాలోని పాల్పారెస్ రకాల్లో రెక్కలు చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు 16 సెంటీమీటర్ల దాకా ఉండేవి ఉన్నాయి. అంత పెద్దవి, అంత కంటికి కొట్టొచ్చేవి. వీటి పిల్లలు కూడా గుంటలు తవ్వవు. ఇసుకలో మాటు వేసి పడతాయి. దక్షిణాఫ్రికాలో మెర్విన్ మాన్సెల్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు ఈ పాల్పారెస్ వర్గాన్నే పట్టుకుని పనిచేశారు. అక్కడి అడవుల్లో పర్యాటకులకు సింహం, ఏనుగు వగైరా ‘పెద్ద అయిదు’ చూపించినట్టే, ‘చిన్న అయిదు’ అని కూడా చూపిస్తారు. ఆ అయిదింట్లో గుంటపురుగు ఒకటి. ఆ జాబితా చూసి నేను పొంగిపోయాను.

పిల్ల దగ్గరికి వద్దాం. దీని గురించి ఎంత రాసినా నాకు తృప్తి ఉండదు.

మన మండపాల్లో గుంటలు కట్టే మిర్మిలియాన్ ప్రజాతి పిల్లను అరచేతిలో వేసుకుంటే వెనక్కే నడుస్తుంది. ముందుకు నడవడం దానికి రాదు. కానీ అకాంథాక్లిసిని అనే తెగ పిల్లలు ఇసుకలో ముందుకూ వెనక్కూ చురుగ్గా పరిగెత్తుతాయి. అంటే నడక కూడా గుర్తింపు లక్షణమే! కోరలను భూతద్దం కింద పెడితే లోపలి అంచున పళ్ళుంటాయి. అవి ఎన్ని, ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయి, వాటి మధ్య వెంట్రుకలు ఎలా ఉన్నాయి అన్నది జాతికీ జాతికీ మారుతుంది. కళ్ళు తలకు రెండు పక్కలా చిన్న మిట్టల మీద గుత్తులుగా ఉంటాయి. ఆ మిట్ట ఎంత ఎత్తుందో చూస్తారు. తల మీది మచ్చలు చూస్తారు. ఒంటి పక్కల బొడిపెలు చూస్తారు. పొట్ట చివరి కణుపు మీద ఇసుకలోకి దిగడానికి పనికొచ్చే గట్టి ముళ్ళుంటాయి, వాటి అమరిక చూస్తారు. వెనక కాళ్ళలో పిక్కా పాదమూ విడివిడిగా ఉండవు, ఒకటిగా అతుక్కుపోయి ఉంటాయి. వెనక్కి తవ్వుకుంటూ దిగేవాడికి అంతకన్నా గట్టి కాలు ఏముంటుంది!

కోరలు కొరకడానికి కాదు, పీల్చడానికి. రెండు భాగాలు ఒకదానికొకటి అమరి ఒక్కో కోరా గొట్టంలా పనిచేస్తుంది. చీమ ఒంట్లోకి విషం, జీర్ణరసం దిగుతాయి. లోపలంతా కరిగాక రసం పైకి వస్తుంది. ఒట్టి పెంకు మాత్రం గుంట బయట పడుతుంది. ఇంతకన్నా వింత చెప్పనా? పిల్లకు పేగు మధ్యలోనే మూసుకుని ఉంటుంది. పిల్లగా ఉన్నంతకాలం మలం బయటికి పోదు. కొన్ని జాతుల్లో రెండేళ్ళు, మూడేళ్ళు కూడా పిల్లదశే! అంతకాలం పోగయినదంతా రెక్కలొచ్చి బయటికి వచ్చాకే ఒక్కసారి విసర్జిస్తుంది. మరి వెనక ద్వారం ఎందుకూ పనికిరాలేదా అంటే, ఎదిగిన పిల్ల అక్కడినుంచే పట్టుదారం తీస్తుంది! మామూలుగా పురుగుల్లో వ్యర్థాలను వడగట్టే నాళాలు ఇక్కడ దారం తయారు చేస్తాయి. ఆ దారంతో ఇసుక రేణువులను అతికించి గుండ్రటి గూడు కట్టుకుని అందులో ప్యూపాగా మారుతుంది. బయటినుంచి చూస్తే సెంటీమీటరు అటూ ఇటూ ఉండే ఇసుక ఉండ, అంతే. చేత్తో పట్టుకున్నా లోపల ప్రాణం ఉందని అనిపించదు.

వర్గీకరణలో పెద్ద చిక్కు ఇక్కడే వస్తుంది. రెక్కల పురుగులు దీపాల దగ్గరికి వచ్చి దొరుకుతాయి, వాటికి పేర్లు పెట్టారు. పిల్లలు ఇసుకలోనో తొర్రలోనో ఉంటాయి. ఏ పిల్ల ఏ రెక్కల పురుగుదో చెప్పేదెవరు? ప్రపంచంలో చాలా జాతులకు పిల్ల ఎలా ఉంటుందో ఇప్పటికీ రాసి లేదు. ఈజిప్టు సమాధుల దుమ్ములో పాలిడోర్ రూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక పురుగును చూశాడు. దారంలా సన్నటి పొడుగాటి మెడ, ఆ చివర చిన్న తల, కోరలు. 1833లో దానికి నెక్రోఫైలస్ అని పేరు పెట్టాడు. అది రెక్కలు రాని పిల్ల. గుంటపురుగులకు దగ్గరి చుట్టాలైన నెమాప్టెరిడే కుటుంబానికి చెందినదని తర్వాతివాళ్ళకు తెలిసింది. పిల్లకు పేరు పెట్టేనాటికి తల్లి ఎవరో తెలియదన్నమాట! ఆ కుటుంబపు పురుగొకటి మన దేశంలోనూ ఉంది. క్రోచీ ఫిలిపెన్నిస్. వెనక రెక్కలు దారాల్లా సాగి వేలాడుతూ ఉంటాయి. దాని పిల్ల ఇళ్ళల్లో మూలల దుమ్ములో బతుకుతుంది. ఏ.డి. ఇమ్స్ మన దేశంలో పనిచేస్తున్న రోజుల్లో దాని జీవిత చరిత్రను పరిశీలించి 1911లో అచ్చు వేశాడు. ఇంటి మూల దుమ్ములో ఇంత చరిత్ర!

తల్లీ పిల్లల లంకె పట్టుకోవడానికి నమ్మకమైన దారి పెంచడమే. ఒక గిన్నెలో ఇసుక, అందులో పిల్ల, మధ్యమధ్య ఒక చీమ. తిండి దొరక్కపోయినా నెలల తరబడి ఓర్చుకోగల జీవి కాబట్టి మనకు ఓర్పు ఉంటే చాలు. గూడు కట్టాక పిల్లచర్మం లోపలే విడుస్తుంది. రెక్కల పురుగు బయటికి వచ్చాక గూడు విప్పితే ఆ చర్మం దొరుకుతుంది. కోరలు, పళ్ళు, తల అన్నీ ఉంటాయి. అంటే ఒకే ప్రాణి రెండు దశలూ ఒకే నమూనా సూదికి గుచ్చి పెట్టవచ్చు! ఇటలీకి చెందిన డేవిడే బదానో, రాబర్తో పాంటలియోనీ 2014లో ఐరోపా గుంటపురుగుల పిల్లలను వరుసగా వర్ణించి, పిల్లను చూసి జాతి చెప్పగలిగే ‘కీ’ తయారు చేశారు. పళ్ళు, వెంట్రుకలు, ముళ్ళు, మచ్చలు... నేను మురిసిపోయిన ప్రతి లక్షణమూ అలాంటి పనిలో ఒక మెట్టు.

పేర్ల కథ మరీ పాతది. రియోమూర్ 1742లో తన పురుగుల గ్రంథం ఆరో సంపుటిలో దీని బతుకును వివరంగా రాశాడు. లిన్నేయస్ 1767లో మిర్మిలియాన్ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. ఐరోపాలో చీమలను పట్టే గుంటపురుగుల్లో బాగా తెలిసినవి రెండు. ఒకదాని రెక్కలు తేటగా ఉంటాయి, అది మిర్మిలియాన్ ఫార్మికేరియస్. రెండోదాని రెక్కల మీద చుక్కలుంటాయి, అది యూరోలియాన్ నోస్ట్రాస్, దానికి జాతి పేరు 1785లో వచ్చింది. పిల్లలు రెండూ గుంటలే కడతాయి. గుంట పక్కన నిలబడి ఏది ఏదో చెప్పలేం. రెక్క వచ్చాక చుక్క ఉందా లేదా అని చూస్తే ఒక్క చూపులో తేలిపోతుంది.

డార్విన్ కూడా గుంట పక్కన కూర్చున్నాడని తెలిసి నేను ఎగిరి గంతేశాను. 1836 జనవరిలో ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్‌లోని వాలెరవాంగ్ దగ్గర, ఆ దేశపు జంతువులు మిగతా లోకానికి ఎంత భిన్నంగా ఉన్నాయోనని తలపోస్తూ ఉండగా ఒక గరాటు గుంట ఆయన కంట పడింది. ముందు ఒక ఈగ, తర్వాత ఒక పెద్ద చీమ అందులో పడ్డాయి. ఇసుక ఎగిరింది. ఐరోపా గుంటపురుగు కట్టే ఉచ్చే, ఇంత దూరాన! రెండు వేర్వేరు సృష్టికర్తలు వేర్వేరుగా పనిచేశారా అన్న ఆలోచన ఆయన దినచర్య పుస్తకంలో ఉంది. అదే ప్రజాతి, వేరే జాతి అనీ, గుంట ఐరోపా దానికన్నా సగమే ఉందనీ కూడా గమనించాడు. ప్రజాతి ఒకటై జాతి వేరు కావడమంటే ఏమిటన్న ప్రశ్నే కదా ఆయన్ను తర్వాత అంత దూరం నడిపించింది! అదే ఆస్ట్రేలియా గుంటపురుగులన్నిటినీ టిమ్ న్యూ 1980ల్లో మళ్ళీ కొత్తగా పరిశీలించి క్రమంలో పెట్టాడు.

పంతొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల్లో పేర్ల వెల్లువ. స్పెయిన్‌లో లాంగినోస్ నవాస్ అనే జెసూట్ ఫాదర్ ఒక్కడే లెక్కలేనన్ని జాలరెక్కల పురుగులకు పేర్లు పెట్టాడు. అందులో చాలావాటికి అంతకుముందే పేరుందని తర్వాత తేలింది. ఏ పేరు నిలుస్తుంది, ఏది మరో పేరులో కలుస్తుంది, మూల నమూనా ఏ మ్యూజియంలో ఏ పెట్టెలో ఉంది... ఇదంతా ఒక్కొక్కటిగా విప్పి లయనెల్ స్టాంజ్ 2004లో ప్రపంచ గుంటపురుగుల సమగ్ర పట్టిక అచ్చు వేశాడు. అలాంటి పుస్తకంలో కథ ఉండదు, బొమ్మల సొగసు ఉండదు. అయినా ఒక మనిషి ఒక పురుగు కుటుంబం కోసం ఇంత చేస్తాడా అనిపించి, నాకు అది ఏ కావ్యానికీ తీసిపోదనిపించింది.

ఇక అన్నిటికన్నా పెద్ద వార్త. ఔల్‌ఫ్లై అనే పురుగులున్నాయి. మన దేశంలోనూ ఉన్నాయి. ఒళ్ళంతా నూగు, పెద్ద పెద్ద కళ్ళు. కొన్నిటికి ఒక్కో కన్నూ మధ్యలో గాడితో రెండుగా చీలి ఉంటుంది. మీసాలు సీతాకోకచిలుకకున్నట్టే పొడుగ్గా, కొసలో గుండీతో ఉంటాయి. గుంటపురుగుల్లా తడబడవు, గాలిలో దూసుకుపోతూ ఎగిరే పురుగులను పడతాయి. మనం చెప్పుకున్న ఆ పొడుగు గడి వీటి రెక్కలో పొట్టిగా ఉంటుంది. అందుకే తరతరాలుగా వీటిని అస్కలాఫిడే అని పక్క కుటుంబంగా పెట్టారు. పొడుగు గడీ పొట్టి మీసమూ ఉంటే ఇటు, పొట్టి గడీ పొడుగు మీసమూ ఉంటే అటు. ఎంత శుభ్రమైన గీత!

2019లో రెనాటో మషాడో, మరికొందరు కలిసి వందలాది జన్యువులను పోల్చి చూశారు. ఆ పోలికలో ఔల్‌ఫ్లైలు గుంటపురుగుల పక్కన కాదు, వాటి లోపల పడ్డాయి! గుంటపురుగుల వంశవృక్షంలో కొన్ని కొమ్మలు చీలాక, ఒక కొమ్మ మీద పూచినవే ఔల్‌ఫ్లైలు. ఆ వ్యాసం పేరులోనే ఆ మాట చెప్పేశారు. వేరే కుటుంబాన్ని తీసేసి, అన్నిటినీ మిర్మిలియాంటిడేలోకి తెచ్చి నాలుగు ఉపకుటుంబాలు చేశారు: అస్కలాఫినే, మిర్మిలియాంటినే, డెండ్రోలియాంటినే, నెమోలియాంటినే. చిరుత మచ్చల పాల్పారెస్ ఎక్కడ చేరిందో ఊహించండి. మండపంలో గుంట కట్టే పురుగు దగ్గర కాదు, ఔల్‌ఫ్లైలతో కలిసి అస్కలాఫినేలో! ఆ పటం చూసి చాలాసేపు పక్కకు పెట్టలేకపోయాను. నూటయాభై ఏళ్ళు ఈనెలు లెక్కపెట్టినవాళ్ళు పాల్పారెస్‌ను మామూలు గుంటపురుగుకే చుట్టం అనుకున్నారు. జన్యువులు వేరే ఇంటిపేరు చెప్పాయి.

ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. అదే 2019లో జాషువా జోన్స్ ఔల్‌ఫ్లైల జన్యువులనూ శరీర లక్షణాలనూ కలిపి పరిశీలించి, వాటిని ప్రత్యేక కుటుంబంగానే ఉంచి కొత్త వర్గీకరణ ఇచ్చాడు. ఏ గీత ఎక్కడ గీయాలన్నదాని మీద చర్చ నడుస్తోంది. నాకైతే మషాడో పక్షమే నచ్చింది. ఎందుకంటే పిల్లలను చూడండి: ఔల్‌ఫ్లై పిల్ల కూడా అదే రకం కోరలతో, ఆకుల చెత్తలోనో కొమ్మ మీదో దవడలు బార్లా తెరుచుకుని, కదలకుండా కాచుకుంటుంది. ఒంటి పక్కల బొడిపెలకు చెత్త అంటించుకుంటుంది. రెక్కలు వేరు దారులు పట్టాయి కానీ, బాల్యంలో పోలిక దాచలేకపోయాయి. ఆస్ట్రేలియాలో స్టిల్బాప్టెరిక్స్ అనే పురుగు ఉంది. ఒళ్ళూ ఎగురుడూ ఔల్‌ఫ్లైవి, మీసం మాత్రం గుంటపురుగుదిలా పొట్టి. ఒకరు ఇటు పెట్టారు, ఒకరు అటు పెట్టారు, ఇంకొకరు దానికే వేరే కుటుంబం ఇచ్చారు. రెండు కుటుంబాలూ ఒకటే అనుకుంటే ఈ పురుగు మధ్యలో చిక్కుకున్న బాధ తీరిపోతుంది!

ఈ మాటు వేసే గుణం ఎంత పాతదో తెలుసా? మయన్మార్‌లోని కచిన్ ప్రాంతంలో, గట్టిపడిన చెట్టు జిగురులో, అంటే అంబర్‌లో, సుమారు పది కోట్ల సంవత్సరాల నాటి పిల్లలు దొరికాయి. కోరలు అలాగే ఉన్నాయి. ఒంటి మీద చెత్త అంటించుకుని ముసుగు వేసుకున్న తీరు అలాగే ఉంది. డైనోసార్లు తిరిగిన కాలంలోనే ఈ వంశం పిల్లలు కదలకుండా కూర్చుని వేటాడే విద్య నేర్చేశాయి.

మన దేశంలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున ఎస్.కె. ఘోష్ ఈ పురుగుల మీద పనిచేశారు. ఇటీవలి సంవత్సరాల్లో కేరళలోని ఇరింజాలకుడ క్రైస్ట్ కాలేజీలో ‘షడ్పద’ పరిశోధనశాలవాళ్ళు గుంటపురుగులను, వాటి చుట్టాలను శ్రద్ధగా వెతికి నమోదు చేస్తున్నారు. ఒక కాలేజీ ప్రయోగశాలనుంచి ఇంత పని వస్తుంటే, రాయలసీమ ఇసుక వాగులూ తెలంగాణ రాతి గుట్టలూ కోనసీమ తొర్రల చెట్లూ చూసినప్పుడల్లా నా చేతులు ఊరుకోవడం లేదు. గుంటలు కట్టేవి మనకు తెలుసు. కట్టనివాటిని వెతకాలి. తొర్రలోని పొడి పొట్టును జల్లెడ పట్టాలి. వాగు ఒడ్డు ఇసుకను పళ్ళెంలో పోసి కదలిక కోసం చూడాలి. వాన తగలని బండ కింద ధూళి పొరను పరీక్షగా గమనించాలి.

మీ ఇంటి దీపం దగ్గర గోడ మీద అలాంటి పురుగు వాలితే తరిమేయకండి. ముందు మీసాలు ఫోటో తీయండి. తర్వాత పక్కనుంచి రెక్క మొత్తం పడేలా, ముందు అంచు మచ్చ దగ్గరి పొడుగు గడి స్పష్టంగా కనబడేలా ఇంకొకటి తీయండి. వీలైతే కాళ్ళవి కూడా. తేదీ, ఊరు రాసి పెట్టండి. గిన్నెలో ఇసుక పోసి పిల్లను పెంచేవాళ్ళైతే, రెక్కల పురుగు బయటికి వచ్చిన రోజున ఆ ఖాళీ గూడును పారేయకండి. లోపల పిల్లచర్మం ఉంటుంది. దాన్ని ఒక చిన్న డబ్బాలో వేసి, ఆ రెక్కల పురుగు ఫోటోతో కలిపి దాచండి.